ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు: షేర్డ్ లైబ్రరీల సింబల్ గొడవని పట్టుకోవడం, తీర్చడం ఎలా

"లైబ్రరీని విడిగా టెస్ట్ చేస్తే అంతా బాగుంది. అప్లికేషన్‌లో కలపగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్. కోడ్‌లో తప్పేమీ కనపడటం లేదు." ఈ ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. కోడ్‌లో నిజంగానే తప్పు ఉండకపోవచ్చు. మీ లైబ్రరీ పిలిచిన ఫంక్షన్ ఒకటి, పలికింది ఇంకొకటి అయి ఉండొచ్చు. అది ఎలా తేల్చాలో, తేలాక ఏం చేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఇదంతా లినక్స్, జీలిబ్‌సీ (లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) ఉన్న మెషీన్ల గురించి. కమాండ్లని పలికినట్టే తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

థియరీ ఇంతే: ప్రోగ్రామ్ మొదలైనప్పుడు డైనమిక్ లింకర్ (ప్రోగ్రామ్‌నీ షేర్డ్ లైబ్రరీలనీ కలిపేది) ఒక్కో సింబల్ (ఫంక్షన్ లేదా గ్లోబల్ వేరియబుల్ పేరు) కోసం ముందు ఎగ్జిక్యూటబుల్‌లో వెతుకుతుంది, తర్వాత లింక్ చేసిన వరసలో లైబ్రరీల్లో వెతుకుతుంది. మొదట దొరికినదే ఖాయం. తరగతిలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే, హాజరు పిలవగానే ముందు బెంచీవాడు పలికినట్టు. పిలిచిన ఫంక్షన్ తన లైబ్రరీలోనే ఉన్నా సరే, వరసలో ముందున్న లైబ్రరీలో అదే పేరు ఉంటే కాల్ అక్కడికే పోతుంది. ఇది బగ్ కాదు, కావాలని పెట్టిన పద్ధతి. మన సొంత మాలక్‌ని (మెమరీ ఇచ్చే ఫంక్షన్) ఎల్‌డీ_ప్రీలోడ్‌తో (మిగతా లైబ్రరీలకన్నా ముందు ఒకదాన్ని లోడ్ చేయించే వేరియబుల్) పెట్టగలుగుతున్నామంటే దీని వల్లే.

ముందు: ఇది ఆ జబ్బేనా?

కింది లక్షణాల్లో ఒకటో రెండో కనిపిస్తే అనుమానించండి.

- లింక్ వరస మార్చగానే క్రాష్ మాయమవుతుంది, లేదా ఇంకో చోటికి మారుతుంది.
- బ్యాక్‌ట్రేస్‌లో (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపే జాబితా) సంబంధం లేని లైబ్రరీ మధ్యలో దూరింది.
- మెయిన్ ఫంక్షన్ ముగిశాక, ప్రోగ్రామ్ బయటికి వెళ్తూ డబుల్ ఫ్రీతో (ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేయడం) పడిపోతోంది.
- కొత్త ప్లగిన్ లోడ్ చేసిన తర్వాతే సమస్య మొదలైంది.
- సీ ప్లస్ ప్లస్ కోడ్ డీబగ్ బిల్డ్‌లో పడుతుంది, ఆప్టిమైజ్ చేసిన బిల్డ్‌లో పడదు. ఇన్‌లైన్ అయిపోయిన ఫంక్షన్‌కి అసలు కాల్ ఉండదు, కాబట్టి దారి తప్పే అవకాశమూ ఉండదు.

ఇవేవీ లేకపోతే ముందు మామూలు మెమరీ తప్పుల కోసం చూడండి. ప్రతి క్రాష్‌నీ సింబల్ గొడవ అనుకుంటే టైమ్ వృథా.

కావాల్సినవి

డీబగ్గర్ జీడీబీ. బైన్‌యుటిల్స్ ప్యాకేజీలో వచ్చే ఎన్‌ఎమ్, రీడ్‌ఎల్ఫ్, ఆబ్జ్‌కాపీ. క్రాష్ అయ్యే ప్రోగ్రామ్, అది నిజంగా లోడ్ చేసుకునే .ఎస్ఓ (షేర్డ్ లైబ్రరీ) ఫైళ్లు. గొడవపడే రెండు లైబ్రరీల్లో కనీసం ఒకదాని సోర్స్ ఉంటే పని చాలా తేలిక. లేకపోయినా దారులున్నాయి, ఐదో అడుగు చివర్లో చెప్తాను.

చూపించడానికి ఒక చిన్న ఉదాహరణ పెట్టుకుందాం. లిబ్‌బొమ్మ.ఎస్ఓ అనే లైబ్రరీ 64 బైట్ల కాంటెక్స్ట్ (తన వివరాలు దాచుకునే చోటు) ఒకటి హీప్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) తీసుకుని, సీటీఎక్స్_రీసెట్ అనే తన సొంత ఫంక్షన్‌తో దాన్ని సున్నాలతో నింపుతుంది. లిబ్‌లెక్క.ఎస్ఓలో కూడా సీటీఎక్స్_రీసెట్ ఉంది, కానీ వాళ్ల కాంటెక్స్ట్ 256 బైట్లు. అప్లికేషన్‌ని లింక్ చేసినప్పుడు లెక్క ముందు, బొమ్మ తర్వాత వచ్చాయి.

అడుగు 1: క్రాష్ ఎక్కడుందో కాదు, ఏ లైబ్రరీలో ఉందో చూడండి

జీడీబీలో ప్రోగ్రామ్ నడిపి, పడిపోగానే ఈ రెండూ కొట్టండి:

    బీటీ
    ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ

బ్యాక్‌ట్రేస్‌లో ఫ్రేమ్ పక్కన "ఫ్రమ్" అని లైబ్రరీ దారి కనిపిస్తుంది. డీబగ్ ఇన్ఫో ఉంటే దాని బదులు సోర్స్ ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. ఒక్కో ఫ్రేమ్ ఎవరిదో చదువుకుంటూ పోండి. బొమ్మ లైబ్రరీ ఫ్రేమ్‌కి సరిగ్గా పైన లెక్క లైబ్రరీ ఫ్రేమ్ కనిపిస్తే, వాళ్లిద్దరికీ అసలు పరిచయమే లేకపోతే, దొంగ దాదాపు దొరికినట్టే. అనుమానం ఉన్న అడ్రస్‌కి "ఇన్ఫో సింబల్" కొడితే అది ఏ ఫైల్‌లోదో చెప్తుంది.

హెచ్చరిక: బ్యాక్‌ట్రేస్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. మన ఉదాహరణే చూడండి. లెక్క వాళ్ల రీసెట్, బొమ్మ వాళ్ల 64 బైట్ల ముక్క మీద 256 బైట్లు సున్నాలు రాసేసి బుద్ధిగా తిరిగొచ్చేస్తుంది. అప్పటికి ఏమీ కాదు. ఆ పక్కనున్న హీప్ లెక్కలు చెడిపోయి, ఎప్పుడో, ఎవరో ఫ్రీ పిలిచినప్పుడు ప్రోగ్రామ్ పడుతుంది. బ్యాక్‌ట్రేస్‌లో ఆ అమాయకపు ఫ్రీ తప్ప ఇంకేమీ ఉండదు. హత్య ఒక చోట, శవం ఇంకో చోట. ఇలాంటప్పుడు మొదటి అడుగు దగ్గరే కూర్చోకుండా రెండో అడుగుకి వెళ్లిపోండి.

అడుగు 2: రెండు చోట్లా ఉన్న పేర్లని తీయండి

ఒక్కో లైబ్రరీ బయటికి చూపిస్తున్న పేర్ల జాబితా:

    ఎన్‌ఎమ్ -డీ --డిఫైన్డ్-ఓన్లీ లిబ్‌బొమ్మ.ఎస్ఓ

ఇక్కడ డీ పెద్ద అక్షరం. అది లేకుండా ఇస్తే, స్ట్రిప్ చేసిన (మామూలు సింబల్ టేబుల్ తీసేసిన) లైబ్రరీల మీద "నో సింబల్స్" అని వస్తుంది. అది చూసి లైబ్రరీలో పేర్లే లేవనుకునేవాళ్లు చాలామంది. స్ట్రిప్ చేసినా డైనమిక్ సింబల్ టేబుల్ అలాగే ఉంటుంది, గొడవ జరిగేది అందులోనే.

ప్రతి లైబ్రరీకి ఈ జాబితా నుంచి పేర్ల కాలమ్ మాత్రమే తీసి, సార్ట్ చేసి, ఫైల్‌లో పెట్టుకోండి. తర్వాత కామ్ కమాండ్‌ని -12 ఆప్షన్‌తో రెండు ఫైళ్ల మీద నడిపితే ఉమ్మడి పేర్లు మాత్రమే మిగులుతాయి.

ఈ జాబితాని ఎలా చదవాలో తెలియకపోతే భయపడిపోతారు. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలైతే ఉమ్మడి పేర్లు వందల్లో వస్తాయి. పేరు ముందున్న అక్షరం చూడండి:

- పెద్ద టీ: ఫంక్షన్. రెండు చోట్లా టీ ఉంటే అసలైన అనుమానితుడు.
- పెద్ద డీ, పెద్ద బీ: గ్లోబల్ వేరియబుల్. ఇదీ అంతే ప్రమాదం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.
- పెద్ద డబ్ల్యూ, పెద్ద వీ: వీక్ సింబల్ (చాలా చోట్ల ఉన్నా లింకర్ ఒప్పుకునేది). టెంప్లేట్లు, ఇన్‌లైన్ ఫంక్షన్ల నుంచి వస్తాయి. స్టాండర్డ్ లైబ్రరీ టెంప్లేట్లైతే సాధారణంగా వదిలేయొచ్చు. మీ సొంత క్లాసు పేరుతో ఉంటే మాత్రం వదలకండి. రెండు లైబ్రరీల్లో "కాన్ఫిగ్" అనే క్లాసు వేర్వేరు ఫీల్డులతో ఉంటే, వీక్ సింబలైనా కొంప ముంచుతుంది.

సీ ప్లస్ ప్లస్ పేర్లు అర్థమయ్యేలా కనపడాలంటే పెద్ద సీ ఆప్షన్ కలపండి. పేరు వెనక @@ గుర్తుతో వెర్షన్ ఉండి, రెండు లైబ్రరీల వెర్షన్లు వేర్వేరుగా ఉంటే దాన్ని జాబితా చివరికి నెట్టండి. వెర్షన్ అడిగి బైండ్ అయిన కాల్ ఆ వెర్షన్‌నే వెతుక్కుంటుంది.

ఎక్కువగా దొరికే పేర్లు ఎలా ఉంటాయంటే: ఇనిట్, లాగ్_మెసేజ్, సీఆర్‌సీ32, ఎమ్‌డీ5_అప్‌డేట్, బేస్64_ఎన్‌కోడ్. ఎవరికైనా మొదట తట్టే పేర్లే. ప్రిఫిక్స్ పెట్టడానికి బద్ధకించిన చోటల్లా ఇవి కనిపిస్తాయి.

అడుగు 3: లింకర్ చేతే ఒప్పించండి

ఉమ్మడి పేరు ఉండటం నేరం కాదు. కాల్ తప్పు చోటికి పోయిందనడానికి రుజువు కావాలి. చాలామంది దాటేసే అడుగు ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మూడు పెట్టి ప్రోగ్రామ్ నడపండి:

    ఎల్‌డీ_డీబగ్=బైండింగ్స్
    ఎల్‌డీ_బైండ్_నౌ=1
    ఎల్‌డీ_డీబగ్_అవుట్‌పుట్=/టీఎమ్‌పీ/బైండ్

మొదటిది ఒక్కో సింబల్ ఎవరికి తగిలిందో రాయిస్తుంది. రెండోది, కాల్ వచ్చేదాకా ఆగకుండా ఫంక్షన్లన్నిటినీ ముందే బైండ్ చేయిస్తుంది, అందువల్ల క్రాష్‌కి ముందే జాబితా పూర్తవుతుంది. మూడోది ఇదంతా ఫైల్‌లో పడేస్తుంది, ఫైల్ పేరు చివర ప్రాసెస్ నంబర్ తగిలిస్తుంది. ఫైల్ చాలా పెద్దదిగా ఉంటుంది, అనుమానం ఉన్న పేరుతో గ్రెప్ చేయండి. మన ఉదాహరణలో కనిపించేది ఇలా ఉంటుంది:

    బైండింగ్ ఫైల్ లిబ్‌బొమ్మ.ఎస్ఓ [0] టు లిబ్‌లెక్క.ఎస్ఓ [0]: నార్మల్ సింబల్ `సీటీఎక్స్_రీసెట్'

ఎడమ వైపున్నది పిలిచిన లైబ్రరీ, "టు" తర్వాత ఉన్నది పలికిన లైబ్రరీ. బొమ్మ తన రీసెట్‌ని పిలిస్తే లెక్క పలికింది. ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. రెండు వైపులా లిబ్‌బొమ్మే ఉంటే ఈ పేరు నిర్దోషి, జాబితాలో తర్వాతి పేరుకి వెళ్లండి.

జాగ్రత్తలు రెండు. సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌ల మీద (ఎవరు నడిపినా ఫైల్ యజమాని హక్కులతో నడిచేవి) ఎల్‌డీ_డీబగ్ మామూలు యూజర్‌కి పనిచేయదు, భద్రత కోసం లింకర్ పట్టించుకోదు. జీలిబ్‌సీ బదులు మసల్ అనే సీ లైబ్రరీ వాడే డిస్ట్రిబ్యూషన్లలో ఎల్‌డీ_డీబగ్ సదుపాయమే లేదు. అక్కడ జీడీబీలో సీటీఎక్స్_రీసెట్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, ఎవరు పిలిస్తే ఎవరిది ఆగుతోందో చూసుకోవాలి.

అడుగు 4: గొడవ ఎటునుంచి వచ్చిందో తేల్చండి

మందు మారుతుంది కాబట్టి ఇది తేల్చుకోవాలి.

క) రెండు లైబ్రరీల్లో వేర్వేరు కోడ్, యాదృచ్ఛికంగా ఒకే పేరు. మన ఉదాహరణ ఇదే.

ఖ) ఒకే స్టాటిక్ లైబ్రరీ (లింక్ చేసినప్పుడే కోడ్ ఫైల్‌లో కలిసిపోయేది) రెండు .ఎస్ఓ ఫైళ్లలోకి విడివిడిగా లింక్ అయింది. బయటికి వెళ్తున్నప్పుడు డబుల్ ఫ్రీ వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఆ స్టాటిక్ లైబ్రరీలో గ్లోబల్ స్ట్రింగ్ ఆబ్జెక్ట్ ఒకటి ఉందనుకోండి. రెండు .ఎస్ఓలూ తమ కాపీ కన్‌స్ట్రక్టర్ నడుపుతున్నామనుకుంటాయి, కానీ పేరు ఒక్కటే కాబట్టి రెండూ ఒకే అడ్రస్ మీద నడుపుతాయి. వెళ్లేటప్పుడు డిస్ట్రక్టర్ కూడా అదే అడ్రస్ మీద రెండుసార్లు.

గ) ఎగ్జిక్యూటబుల్‌లోనే ఒక లైబ్రరీ స్టాటిక్‌గా ఉంది, ఆ ఎగ్జిక్యూటబుల్‌ని -ఆర్‌డైనమిక్‌తో (తన పేర్లని లైబ్రరీలకి చూపించే ఆప్షన్) బిల్డ్ చేశారు. అప్పుడు ప్లగిన్లు తెచ్చుకున్న సొంత కాపీని కాదని ఎగ్జిక్యూటబుల్‌లోని కాపీ పలుకుతుంది. ప్లగిన్ పాత వెర్షన్‌కి రాసిందైతే అంతే సంగతులు.

ఘ) ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఒకే ప్రాసెస్‌లోకి వచ్చాయి. నేరుగా ఎవరూ అడగరు. ఒక డిపెండెన్సీ పాతదాన్ని, ఇంకో డిపెండెన్సీ కొత్తదాన్ని లాక్కొస్తాయి. ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ జాబితాలో రెండూ కనిపిస్తాయి.

ఎవరు ఎవరిని లాక్కొచ్చారో తెలియాలంటే ఒక్కో ఫైల్ మీద రీడ్‌ఎల్ఫ్ -డీ నడపండి, ఇక్కడ డీ చిన్నది. "నీడెడ్" అన్న లైన్లు చూడండి. ఎల్‌డీడీ కూడా చెప్తుంది, కానీ నమ్మకం లేని ఫైళ్ల మీద దాన్ని వాడొద్దు, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌ని నడిపేస్తుంది.

అడుగు 5: సరిచేయండి

లైబ్రరీ బయటికి చూపించాల్సిన పేర్లు మాత్రమే చూపించాలి, మిగతావన్నీ లోపలే ఉండాలి. సోర్స్ చేతిలో ఉంటే ఇదే శాశ్వత పరిష్కారం, మిగతావన్నీ అతుకులు.

1. ఒకే ఫైల్‌లో వాడే ఫంక్షన్లకి స్టాటిక్ పెట్టండి. సీ ప్లస్ ప్లస్‌లో పేరు లేని నేమ్‌స్పేస్‌లో పెట్టండి.

2. లైబ్రరీ మొత్తాన్ని -ఎఫ్‌విజిబిలిటీ=హిడెన్‌తో కంపైల్ చేసి, బయటివాళ్లకి కావాల్సిన ఫంక్షన్లకి మాత్రం విజిబిలిటీ డిఫాల్ట్ అని యాట్రిబ్యూట్ ఇవ్వండి. లైబ్రరీ దాటి బయటికి విసిరే ఎక్సెప్షన్ క్లాసులకి కూడా డిఫాల్టే ఉంచండి. లేకపోతే అవతలి క్యాచ్ వాటిని గుర్తుపట్టకపోయే ప్రమాదం ఉంది.

3. సోర్స్ ముట్టుకోవడం కష్టమైతే లింకర్‌కి వెర్షన్ స్క్రిప్ట్ ఇవ్వండి. గ్లోబల్ కింద బొమ్మ_* అని, లోకల్ కింద * అని రాస్తే చాలు, బొమ్మ_తో మొదలయ్యేవి తప్ప అన్నీ దాగిపోతాయి.

4. "ఖ" రకం గొడవకి -డబ్ల్యూఎల్,--ఎక్స్‌క్లూడ్-లిబ్స్,ఆల్ ఇస్తే స్టాటిక్ లైబ్రరీల నుంచి వచ్చిన పేర్లు బయటికి పోవు. కానీ ముందు ఆలోచించండి: ఆ లైబ్రరీలో అందరూ పంచుకోవాల్సిన స్థితి ఉందా? లాగర్, మెమరీ పూల్, సింగిల్‌టన్ లాంటివి ఉంటే దాచగానే ఎవరి కాపీ వాళ్లదైపోతుంది. క్రాష్ ఆగుతుంది, కానీ ఒక లైబ్రరీలో పెట్టిన సెట్టింగ్ ఇంకోదానికి కనపడదు. అలాంటప్పుడు ఆ స్టాటిక్ లైబ్రరీనే విడి .ఎస్ఓగా మార్చి, ఇద్దరి చేతా దాన్నే వాడించండి.

5. "గ" రకానికి ఎగ్జిక్యూటబుల్ వైపు వెళ్లండి. -ఆర్‌డైనమిక్ తీసేసి, ప్లగిన్లకి నిజంగా కావాల్సిన పేర్లని --డైనమిక్-లిస్ట్ ఫైల్‌లో రాసివ్వండి.

6. పేరు మార్చడం ఒక్కటే దారి అయినప్పుడు, చేతిలో స్టాటిక్ లైబ్రరీ ఉంటే ఆబ్జ్‌కాపీ --రీడిఫైన్-సిమ్స్ వాడండి. పాత పేరు, కొత్త పేరు ఉన్న జాబితా ఫైల్ దానికివ్వాలి. --ప్రిఫిక్స్-సింబల్స్ అనే ఆప్షన్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, అది లైబ్రరీ బయటినుంచి తెచ్చుకునే పేర్లకి కూడా ప్రిఫిక్స్ తగిలిస్తుంది. మాలక్ కాస్తా బొమ్మ_మాలక్ అయి లింక్ దగ్గర ఆగిపోతారు.

సోర్స్ లేదు, ఉన్నది .ఎస్ఓ మాత్రమే. అప్పుడు?

దాన్ని నేరుగా లింక్ చేయకుండా డీఎల్‌ఓపెన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా లైబ్రరీని లోడ్ చేసే ఫంక్షన్) లోడ్ చేయండి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ఆర్‌టీఎల్‌డీ_లోకల్ ఇస్తే చాలనుకుంటారు. అది ఆ లైబ్రరీ పేర్లు బయటివాళ్లకి కనపడకుండా ఆపుతుంది. బయటి పేర్లు ఆ లైబ్రరీ మీద పడకుండా మాత్రం ఆపదు. ముందే లోడైన గ్లోబల్ పేర్లే ఇంకా ముందు పలుకుతాయి. రెండోది కావాలంటే ఆర్‌టీఎల్‌డీ_డీప్‌బైండ్ కూడా కలపాలి. ఇది జీలిబ్‌సీలో ఉంది, మసల్‌లో లేదు. అడ్రస్ శానిటైజర్‌తో (మెమరీ తప్పులు పట్టే సాధనం) కలిసి పనిచేయదు, మాలక్‌ని మార్చే ప్రీలోడ్ లైబ్రరీలతో కూడా చిక్కులు తెస్తుంది.

అంతకన్నా గట్టిది డీఎల్‌ఎమ్‌ఓపెన్. లైబ్రరీకి పూర్తిగా వేరే నేమ్‌స్పేస్ ఇస్తుంది, దాని డిపెండెన్సీలన్నిటికీ విడి కాపీలు వస్తాయి, లిబ్‌సీతో సహా. అంటే ఆ లైబ్రరీ మాలక్ చేసిన మెమరీని మీరు ఫ్రీ చేస్తే మళ్లీ క్రాషే. ఫ్రీ చేసే ఫంక్షన్ కూడా దాని దగ్గర్నుంచే తీసుకోండి. నేమ్‌స్పేస్‌లు జీలిబ్‌సీలో 16 వరకే.

అడుగు 6: నిజంగా పోయిందా, దాక్కుందా?

క్రాష్ రాకపోవడం పాస్ మార్కు కాదు. హీప్ పాడైన ప్రోగ్రామ్ కూడా రోజంతా హాయిగా నడవగలదు. ఈ క్రమంలో చూడండి.

- రెండో అడుగు మళ్లీ నడపండి. సీటీఎక్స్_రీసెట్ ఉమ్మడి జాబితాలోంచి పోయి ఉండాలి.
- మూడో అడుగు మళ్లీ నడపండి. దాచిన పేరుకి బొమ్మ నుంచి లెక్కకి బైండింగ్ లైన్ ఉండకూడదు. హిడెన్ చేసిన ఫంక్షన్‌కి అసలు లైనే రాదు, ఎందుకంటే అది లైబ్రరీ బిల్డ్ చేసినప్పుడే తేలిపోయింది.
- లింక్ వరస తిరగేసి నడపండి. రెండు వరసల్లోనూ ఒకే ఫలితం రావాలి.
- అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి నడపండి. రెండు లైబ్రరీల్లో ఒకే పేరుతో గ్లోబల్ వేరియబుల్ ఉంటే అది ఓడీఆర్ వయలేషన్ (ఒక పేరుకి ఒకే డెఫినిషన్ ఉండాలన్న నియమం తప్పడం) అని పట్టిస్తుంది. ఫంక్షన్ల పేర్లని మాత్రం ఇలా పట్టించదు, వాటికి మొదటి రెండు పరీక్షలే దిక్కు.

బైండింగ్ ఇంకా పాతలాగే కనిపిస్తోందా? మీరు బిల్డ్ చేసిన ఫైల్ ఒకటి, లోడైన ఫైల్ ఒకటి అయి ఉండొచ్చు. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, లేదా ఎగ్జిక్యూటబుల్‌లోని రన్‌పాత్ పాత కాపీ వైపు చూపిస్తుంటాయి. /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో మ్యాప్స్ ఫైల్ తెరిస్తే అసలు ఏది లోడైందో పూర్తి దారితో ఉంటుంది.

తరచుగా చేసే తప్పులు

లింక్ వరస మార్చి, క్రాష్ పోయిందని టికెట్ మూసేయడం. వరస మార్చితే ఇప్పుడు లెక్క లైబ్రరీకి బొమ్మ వాళ్ల రీసెట్ తగులుతుంది. 256 బైట్ల కాంటెక్స్ట్‌లో 64 మాత్రమే సున్నా అవుతాయి, మిగతాది చెత్తగా ఉంటుంది. క్రాష్‌కి బదులు తప్పుడు లెక్కలు వస్తాయి. అది ఇంకా ఘోరం.

లింకర్ ఏమీ అనలేదు కదా అని నమ్మడం. "మల్టిపుల్ డెఫినిషన్" అన్న ఎర్రర్ ఆబ్జెక్ట్ ఫైళ్ల మధ్య వస్తుంది. రెండు .ఎస్ఓల మధ్య ఒకే పేరుంటే లింకర్ నోరు మెదపదు.

-బీసింబాలిక్‌ని అన్నిటికీ మందులా వాడటం. లైబ్రరీ తన పేర్లని తనలోనే వెతుక్కునేలా చేస్తుంది, నిజమే. కానీ ఎగ్జిక్యూటబుల్‌తో పంచుకునే గ్లోబల్ వేరియబుల్ ఉంటే, ఇద్దరూ రెండు కాపీలు చూసే పరిస్థితి రావచ్చు. తప్పనిసరైతే -బీసింబాలిక్-ఫంక్షన్స్ వాడండి, అది వేరియబుల్స్‌ని వదిలేస్తుంది.

మాక్‌లో ఈ తలనొప్పి తక్కువ. అక్కడ ఒక్కో సింబల్ ఏ లైబ్రరీ నుంచి రావాలో లింక్ చేసినప్పుడే రాసుకుంటుంది. విండోస్ డీఎల్ఎల్‌లదీ దాదాపు అదే పద్ధతి. అందుకే "మాక్‌లో బాగానే ఉంది, లినక్స్ సర్వర్‌లో మాత్రం పడుతోంది" అన్న ఫిర్యాదు వస్తే, సర్వర్‌ని తిట్టుకునే ముందు రెండో అడుగు నడిపి చూడండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే, లైబ్రరీ బయటికి చూపించాల్సిన పేర్ల జాబితాని ఒక ఫైల్‌గా సోర్స్‌తో పాటే ఉంచండి. ప్రతి బిల్డ్ తర్వాత ఎన్‌ఎమ్ ఇచ్చిన జాబితాతో దాన్ని డిఫ్ చేయించి, కొత్త పేరు కనిపిస్తే బిల్డ్ ఫెయిల్ అయ్యేలా పెట్టండి. పేరు బయటికి పోవాలంటే ఎవరో ఒకరు ఆ ఫైల్‌లో చేత్తో రాయాల్సి వస్తుంది, రివ్యూలో అది కంటపడుతుంది.